స్వస్థత తర్వాతి పని

కృష్ణా డెల్టాలోని ఆ చిన్న పట్నంలో సోమవారం ఓపీ మిగతా రోజుల్లా ఉండదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన, నెలకోసారి కాలేజీ మైదానంలో స్వస్థత కూటం. వీటి మంచిచెడ్డలన్నీ సోమవారం పొద్దున్నే డాక్టరమ్మ బల్ల ముందుకొచ్చి కూర్చుంటాయి. మాత్రలు మానేసినవాళ్ళు, మానేసిన సంగతి దాచేవాళ్ళు, దాచిన సంగతి వెనకనుంచి సైగలతో చెప్పే కోడళ్ళు. డాక్టరమ్మా క్రైస్తవురాలే. తల్లి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎవరైనా అడిగితే రోగి మంచం పక్కన తనే తలవంచి ప్రార్థన చేస్తారు. చేశాక బీపీ చూస్తారు.

సువార్తల్లోని స్వస్థత కథల్ని మనవాళ్ళు సగంలో ఆపేస్తారని ఆవిడ ఫిర్యాదు. కుష్టురోగి శుద్ధుడయ్యాడు, యాయీరు కూతురు లేచి నడిచింది, లాజరు సమాధిలోంచి బయటికొచ్చాడు. అక్కడికి హల్లెలూయ చెప్పి బైబిలు మూసేస్తారు. కానీ ఆ మూడు చోట్లా ఇంకో వాక్యం మిగిలే ఉంటుంది. శుద్ధుడైనవాణ్ణి వెళ్ళి యాజకుడికి చూపించుకోమంటాడు యేసు. లేచిన పిల్లకు తినడానికేమైనా పెట్టమంటాడు. లాజరు కట్లు విప్పి వాణ్ణి వెళ్ళనివ్వమంటాడు. అద్భుతం ఆయనది, ఆ తర్వాతి పని పక్కనున్నవాళ్ళది. ఆదివారం ప్రసంగాల్లో ఈ రెండో భాగానికి ఎప్పుడూ టైము చాలదని డాక్టరమ్మ నవ్వుతూనే అంటారు, కానీ ఆ నవ్వులో కాస్త కారం ఉంటుంది.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒకమ్మాయి సంగతి చూస్తే ఆ కారం ఎందుకో తెలుస్తుంది. చిన్నప్పటినుంచి ఫిట్స్. మాత్రలతో అదుపులో ఉన్నాయి. స్వస్థత కూటంలో స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్పింది, మాత్రల డబ్బా అక్కడే ఇచ్చేసింది. మైదానమంతా స్తోత్రం అంది. రెండు వారాలు తిరక్కుండానే గ్యాస్ పొయ్యి మీద పాలు కాస్తూ పడిపోయింది. వేడిపాలు ఎడమచేతి మీద మోచేతి దాకా ఒలికాయి. తల్లి ఆ చేతికి తడిగుడ్డ చుట్టి, పైన చున్నీ కప్పి తీసుకొచ్చింది. కాలిన చెయ్యి కన్నా ఆ సాక్ష్యం ఇప్పుడేమవుతుందన్న దిగులే ఆవిడకు ఎక్కువగా ఉంది.

మత్తయి సువార్త 17వ అధ్యాయంలో ఒక తండ్రి తన కొడుకు గురించి యేసుకు చెప్పుకుంటాడు, వాడు మాటిమాటికీ నిప్పులో పడతాడు, నీళ్ళలో పడతాడు అని. ఇప్పటి తల్లులూ డాక్టరమ్మకు అదే వరసలో చెబుతారు. పొయ్యి, బావి, కాలవ. ఫిట్స్ ఉన్నవాళ్ళకు జబ్బుతో పాటు ఈ ప్రమాదాలూ ప్రాణం మీదికి తెస్తాయి. మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఒకదాని వెనక ఒకటిగా ఆగకుండా ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది. మామూలుగా కనీసం రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా రాకుండా ఉంటేనే మాత్ర మానడం గురించి ఆలోచిస్తారు. అప్పుడైనా నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు తప్ప ఒక్కరోజులో ఆపరు.

అమ్మాయితో వాళ్ళ సంఘం పాస్టరుగారు కూడా వచ్చారు. ఆ కూటం ఆయన పెట్టింది కాదు, బోధకుడు వేరే ఊరివాడు. “నేను మాత్రలు వేసుకోమంటే అయ్యగారికే విశ్వాసం లేదంటారమ్మా” అన్నాడాయన, కుర్చీ అంచున కూర్చుని. డాక్టరమ్మ బల్ల సొరుగులోంచి బైబిలు తీసి మార్కు మొదటి అధ్యాయం చివర తెరిచి ఆయన ముందుంచారు. “కుష్టు పోయినవాడు ఊళ్ళోకి వెళ్ళేముందు ఎవరికి చూపించుకోవాలన్నాడండీ ప్రభువు? మోషే ధర్మశాస్త్రం ప్రకారం ఆ పరీక్ష చెయ్యాల్సింది యాజకుడు. చూసి, ఏడు రోజులాగి, ఆ తర్వాత కదా గుడారంలోకి రానిచ్చేది. బాగుచేసినాయనే పరీక్ష చేయించుకోమన్నాడు. మరి మనకెందుకండీ అంత తొందర?”

పాస్టరుగారు ఆ వచనాన్ని రెండుసార్లు చదువుకున్నారు. తర్వాతి ఆదివారం ప్రకటనల్లో, వివాహ ప్రకటనకూ గృహప్రవేశ ఆహ్వానానికీ మధ్యన, ఒక మాట చేర్చారు. స్వస్థత పొందామనుకున్నవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకుని, ఆ తర్వాత సాక్ష్యానికి పేరివ్వాలి. కొందరు గొణిగారు. అమ్మాయి చెయ్యి మానింది, మచ్చ ఉంది, మాత్రలు నడుస్తున్నాయి.

శ్రమదినాల్లో గొడవ వేరు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా, ఆదివారాలు తీసేసి, 40 రోజులు. షుగరున్నవాళ్ళలో సగంమంది పగలు తినడం మానేసి పొద్దుటి మాత్ర మాత్రం మానరు, మాత్ర మానొద్దని డాక్టరమ్మే చెప్పింది కదా అని! గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర తిన్నా తినకపోయినా షుగరును కిందికి లాగుతూనే ఉంటుంది. ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనలో సిలువ మీద యేసు పలికిన అయిదో మాట మీద ప్రసంగం నడుస్తుండగా చెమటతో తడిసి, మాట ముద్దగా వచ్చి, ఏడవడం మొదలుపెట్టారు. సంగతి తెలియని చుట్టుపక్కలవాళ్ళు ఆయన భక్తికి చలించిపోయారు. గ్లూకోమీటరులో 48 వచ్చింది. 70కి తగ్గితేనే ప్రమాదం. గ్లూకోజు నీళ్ళు తాగాక తేరుకుని, ఏ మాట దాకా వచ్చారని అడిగారట.

ఉపవాసం వద్దని డాక్టరమ్మ ఎవరికీ చెప్పరు. భస్మ బుధవారానికి ముందు వారమే ఒకసారి వచ్చి వెళ్ళమంటారు, మాత్ర మార్చాలో తగ్గించాలో చూస్తారు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకు, గర్భిణులకు మాత్రం ఖచ్చితంగా కాదంటారు. కొండమీది ప్రసంగంలో ఉపవాసం సంగతి వచ్చినచోట ముఖం కడుక్కుని తలకు నూనె రాసుకోమనే ఉంది, నీరసంగా వాడిపోయి నలుగురికీ కనిపించమని లేదు. పేషెంట్లలో ఈ వాదన పనిచేసినంతగా హైపోగ్లైసీమియా అన్న మాట పనిచెయ్యదని ఆవిడకు అనుభవం నేర్పింది.

ఒకసారి ఒక గృహ కూటంలో, పాట మధ్యలో, అరవై దాటిన సంఘ పెద్ద నోరు ఒక పక్కకు వంకరపోయింది. కుడిచెయ్యి జారింది. పెద్దలు చుట్టూ చేరి తలమీద చేతులుంచి ప్రార్థన ఎత్తుకున్నారు. యూత్ కుర్రాళ్ళు నలుగురు మాత్రం ప్రార్థన ఆమెన్ దాకా ఆగలేదు. దుప్పటితో సహా ఎత్తి ఆటోలో వేసుకుని జిల్లా కేంద్రానికి పరిగెత్తించారు. రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజక్షన్ మొదటి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అంతకుముందు మెదడులో రక్తస్రావం లేదని స్కానింగులో తేలాలి. టైముకు అందింది. ఇప్పుడాయన కర్ర పట్టుకుని నడుస్తారు, పాటల పుస్తకం ఎడమచేత్తో తిప్పుతారు.

అయితే పెద్దలకు ఆ కుర్రాళ్ళ మీద కోపం తగ్గలేదు, ప్రార్థన మధ్యలో లేచిపోయారని. డాక్టరమ్మ వాళ్ళకు మార్కు రెండో అధ్యాయం గుర్తుచేశారు. కపెర్నహూములో వాక్యం నడుస్తుండగా నలుగురు ఇంటికప్పు విప్పి పక్షవాత రోగిని మంచంతో సహా లోపలికి దించారు. ప్రసంగం ఆగింది, వింటున్నవాళ్ళ నెత్తిన మట్టి పడే ఉంటుంది. యేసు కోప్పడలేదు సరికదా ఆ మోసుకొచ్చినవాళ్ళ విశ్వాసాన్నే చూశాడని సువార్త రాస్తోంది. ఆ కప్పు మళ్ళీ ఎవరు వేయించారో మాత్రం మార్కు రాయలేదు. ఆటో కిరాయి సంఘం ఇచ్చిందా అని డాక్టరమ్మ ఆరా తీస్తే, కుర్రాళ్ళే వేసుకున్నారని తేలింది.

కొన్ని జబ్బుల్లో ఆలస్యానికి కారణం దూరం కాదు, సిగ్గు. ముంజేతి మీద తెల్లటి మచ్చతో వచ్చిన లారీ డ్రైవరు సంగతి అలాంటిదే. డాక్టరమ్మ అతణ్ణి కళ్ళు మూసుకోమని బాల్‌పెన్ మొనతో మచ్చ చుట్టూ తాకుతూ వచ్చారు. తాకిన ప్రతిసారీ అవుననాలి. మచ్చ బయట అవునంటున్నాడు, మచ్చ లోపల మౌనం. గదిలో ఉన్న తండ్రి ఆ మౌనాన్ని విన్నాడు. “ఎవరి పాపమమ్మా ఇది? నాదా, వాడిదా?” అన్నాడు. ఆయన సంఘంలో పెద్ద. నెల తర్వాత కొడుక్కి పెళ్ళి.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న ఇదే. వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదు అన్నది అక్కడి జవాబు. రెండు వేల ఏళ్ళుగా చర్చీలో చదువుతున్న జవాబే, అయినా ప్రశ్న ఇంకా పోలేదు. లారీ డ్రైవరుది కుష్టు. దానికి కారణమైన సూక్ష్మక్రిమిని నార్వేలో హాన్సెన్ 1873లో చూశాడు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు 1915లో కుష్టు ఆసుపత్రి మొదలుపెట్టేనాటికి చాల్‌మోగ్రా నూనె తప్ప చెప్పుకోదగ్గ మందు లేదు. 1980ల్లో రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక ఆరు నెలలకో, పన్నెండు నెలలకో జబ్బు పూర్తిగా నయమవుతోంది. మందులు ఉచితం. మొదలుపెట్టిన కొద్దికాలానికే రోగి నుంచి ఇతరులకు అంటడం ఆగిపోతుంది. ఇంత జరిగినా మన క్రైస్తవుల విడాకుల చట్టంలో కుష్టు ఒక కారణంగా 2019 దాకా ఉంది. ఆ ఏడు పార్లమెంటు మిగతా వివాహ చట్టాలతో పాటు అందులోంచీ దాన్ని తీసేసింది. ఏ సంఘమైనా ఈ మార్పును ప్రసంగ వేదిక మీదనుంచి ప్రకటించినట్టు డాక్టరమ్మ వినలేదు.

పెళ్ళికూతురి వాళ్ళకు చెప్పకుండా దాచడం కుదరదని ఆవిడ పట్టుబట్టారు. తండ్రి వణుకుతూనే కబురు చేశాడు. అమ్మాయి స్టాఫ్ నర్సు. ఆమె అడిగింది ఒకటే, ఆరు నెలల కోర్సా, పన్నెండు నెలలదా అని. అనుకున్న తేదీకే పెళ్ళయింది.

పుండు మీద ప్రార్థన నూనె రాసుకుని వచ్చేవాళ్ళను డాక్టరమ్మ కసరరు. కసిరితే ఈసారి నూనె సంగతి చెప్పరు, అంతే మారుతుంది. మంచి సమరయుడు కూడా గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు గదా అంటూ మొదలుపెడతారు. “తర్వాతేం చేశాడు? తన గాడిద మీద ఎక్కించుకుని పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు. రాత్రంతా చూసుకున్నాడు. తెల్లారి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు.” చికిత్స, అడ్మిషన్, బిల్లు, మళ్ళీ చూడ్డానికి రావడం, అన్నీ ఆ ఉపమానంలో ఉన్నాయి. షుగరు పుండుకు నూనెతో ఆగిపోయినవాడు కథలో మొదటి మలుపు దగ్గరే దిగిపోయినట్టు.

గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రలోనూ ఒక పూటకూళ్ళ ఇల్లుంది. అమెరికా లూథరన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చేటప్పటికి ఆమెను పంపినవాళ్ళకు వైద్యం మీద అంత నమ్మకం లేదు, బోధనకే పంపారు. గడప ముందుకొచ్చిన రోగుల్ని ఆమె వెనక్కి పంపలేదు. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరుచుకుంది. ఏలూరు రాజావారు తన ఇంట్లో కాన్పుకు ఆమె చేసిన సాయానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులు దిగడానికి ఒక సత్రం కట్టించారు. ఆయన హిందువు. సమరయుడి ఉపమానంలో మిషనరీ పాత్ర ఏదో, రాజావారి పాత్ర ఏదో తేల్చుకోలేనని డాక్టరమ్మ అంటారు. ఇప్పటికీ పెద్దాసుపత్రుల వరండాల్లో, చెట్లకింద, టిఫిన్ క్యారియర్లు పక్కన పెట్టుకుని పడుకునే అటెండెంట్లను చూస్తే ఆవిడకు మొదట ఆ సత్రమే గుర్తొస్తుంది.

ఇక టీబీ. రైసు మిల్లు హమాలీ ఒకతను 38 కిలోలకు దిగిపోయి వచ్చాడు. ఆరు నెలల మందు ఉచితమే. ఖాళీ కడుపున మింగితే వాంతి. వాంతయితే మర్నాడు మానేస్తాడు. మానేస్తే క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. స్త్రీల సమాజం వాళ్ళు ప్రతి గురువారం వెళ్ళి గుమ్మంలో నిలబడి పాట పాడి ప్రార్థన చేసి వస్తున్నారు. చేతిలో ఏమీ ఉండదు. గిన్నెలు వెనక్కి తెచ్చుకుంటే జబ్బొస్తుందని భయం. టీబీ గిన్నెల్లోంచి రాదు, దగ్గినప్పుడు గాల్లోంచి వస్తుంది, మందు సరిగ్గా పనిచేస్తుంటే కొన్ని వారాల్లో ఆ ప్రమాదమూ బాగా తగ్గుతుంది, కిటికీ తెరిచి కూర్చోండి అని డాక్టరమ్మ వాళ్ళను పిలిచి చెప్పారు. చెప్పి, యాయీరు ఇంట్లో ఆ రోజు వంటగదిలోకి ఎవరు వెళ్ళి ఉంటారని అడిగారు. పన్నెండేళ్ళ పిల్ల చచ్చి బతికింది. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆకలి సంగతి ఒక్కడికే గుర్తొచ్చింది.

ఆ గురువారం నుంచి రోజుకు రెండు గుడ్లు, పప్పు, మధ్యాహ్నం పెరుగన్నం వంతులవారీగా వెళ్తున్నాయి. ప్రభుత్వం 2018 నుంచి టీబీ రోగుల ఖాతాలో తిండికని నెలకు 500 రూపాయలు వేస్తోంది, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేసింది. దాతలు రోగులకు పోషకాహారం సమకూర్చేలా నిక్షయ్ మిత్ర అన్న పథకం 2022లో వచ్చింది. సంఘం పేరు కూడా అందులో నమోదు చేయించమని డాక్టరమ్మ పాస్టరుగారి వెంట పడ్డారు. హమాలీ నాలుగో నెలకు 46 కిలోలకు వచ్చాడు. ఇంకా మూటలెత్తొద్దని చెప్పారు గానీ మిల్లు గేటు దగ్గర కనిపిస్తూనే ఉన్నాడు.

పేచీ ఇప్పుడు సంఘం కమిటీలో ఉంది. గుడ్ల డబ్బు ఏ పద్దు కింద రాయాలి? సువార్త పరిచర్య కింద రాయడానికి కోశాధికారి ఒప్పుకోడు, అది సభలకు, మైకు సెట్టుకు అంటాడు. పేదల సహాయ నిధి క్రిస్మస్ చీరలకే అయిపోయింది. స్త్రీల సమాజం అధ్యక్షురాలు మాత్రం సువార్త పరిచర్య కిందే రాయాలని పట్టుబట్టి కూర్చుంది. పాస్టరుగారు రెండు సమావేశాలుగా వాయిదా వేస్తున్నారు. ప్రస్తుతానికి ఇతర ఖర్చులు అని రాస్తున్నారు.