కుళాయి కింద పుదీనా

కాకినాడలో మా పెరటి కుళాయి పదకొండేళ్లు కారింది. నాన్న పోయిన ఏడాది మొదలైంది కాబట్టి లెక్క తప్పదు. ఆయనుంటే మర్నాడే విప్పేవారు. ఆ తర్వాత ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే. కుళాయి మూతికి పాత చీర పీలిక కట్టి కొస నేలకి వదిలింది. రాత్రిళ్లు చప్పుడు లేకుండా నీళ్లు దానిమీదుగా జారేవి. ఆ తడిలో పుదీనా వేసింది. పండగలకి వెళ్లిన మేం ఆ పచ్చడి తిని, బాగుందని చెప్పి వచ్చేవాళ్లం. కుళాయి సంగతి ఎవరికీ పట్టలేదు.

అమ్మని హైదరాబాదు తెచ్చుకున్నాక ఇల్లు అమ్ముదామనుకున్నాం. అప్పుడు చూడాలి మా శ్రద్ధ! సెలవు పెట్టి వెళ్లి, ఇల్లంతా తిరిగి చీటీ రాశాను. వానాకాలం ఉబ్బి గడప దగ్గర పట్టేసే తలుపు, ఉప్పుగాలికి తుప్పెక్కిన గేటు బందులు, మెట్ల కింద వెలగని లైటు, స్నానాలగదిలో ఊగే గొళ్లెం. మాకవి అలవాట్లు. ఆ తలుపుని కాస్త ఎత్తి తోయాలని మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. కొనేవాడి కంటికి మాత్రం అవి రోగాలు. వడ్రంగి ఒక పూట చిత్రిక పట్టి వెళ్లాడు. మిగతావి మర్నాటికి అయిపోయాయి.

కుళాయి దగ్గర మాత్రం పీట వేసుకు కూర్చున్నాను. ప్లంబరు ముందు డాబా ఎక్కి ట్యాంకు వాల్వు కట్టేసి వచ్చాడు. కుళాయి తల విప్పి, లోపల్నుంచి నల్లటి రబ్బరు బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టాడు. రాయిలా గట్టిపడిపోయింది. మీద గుండ్రంగా లోతైన గాడి.

"వాచరండి. కారుతోందని ఇంకాస్త బిగించి తిప్పుతారు కదండీ, అలా బిగించేకొద్దీ ఇది కోసుకుపోద్ది."

అమ్మ రెండు చేతులతో తిప్పడం నాకు గుర్తుంది. అతను వేలు లోపల పెట్టి, వాచరు ఆనే ఇత్తడి అంచుని తడిమాడు. అక్కడ గాట్లు పడి ఉంటే కొత్త వాచరు వేసినా కారుతుందట. మాది నున్నగానే ఉంది. బిళ్ల మార్చి, తల బిగించి, నీళ్లు వదిలాడు. పావుగంట పని. వాచరు ఖరీదు టీ ఖరీదు కంటే తక్కువ. సెకనుకో చుక్కంటే రోజుకి 86,400 చుక్కలు. పదకొండేళ్ల లెక్క నేను కట్టలేదు. ఇప్పుడొచ్చే పావుచుట్టు కుళాయిల్లో ఈ బిళ్ల ఉండదు, పింగాణీ పలకలుంటాయి. కారితే స్పిండిలు మొత్తం మార్చడమే. విప్పి చూసుకునే సరదా కూడా పోయింది.

వంటింటి గోడ సంగతి వేరు. లోపలి ఇనప పైపు తుప్పు పట్టి, మోకాలెత్తు చెమ్మ, పెచ్చులు. బాగు చేయాలంటే గోడ పగలగొట్టాలి. బ్రోకరు నవ్వాడు. "పుట్టీ పెట్టి రెండు కోటింగులు వేయించెయ్యండి సార్, రిజిస్ట్రేషన్ దాకా ఆగితే చాలు." ఒక్క గోడకే కొత్త రంగున్న ఇంటిని నేను చచ్చినా నమ్మను. పైగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షనుంది. కొనేవాడు మామూలు జాగ్రత్తతో పసిగట్టలేని పెద్ద లోపమేదైనా అమ్మేవాడికి తెలిస్తే చెప్పితీరాలి. చట్టం సంగతలా ఉంచినా, నాలుగు వానలు పడితే రంగు పొక్కుతుంది. ఆ వీధిలో ఆ ఇంటిని ఇప్పటికీ నాన్న పేరుతోనే పిలుస్తారు.

రంగు వేయించలేదు. కొనడానికొచ్చినాయన్ని నేనే వంటింట్లోకి తీసుకెళ్లాను. ఆయన గోడని గోటితో గీకి చూసి, పైపు మార్చే ఖర్చంటూ ధరలో యాభై వేలు కోశాడు. అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఆ యాభై వేలు గుర్తు చేస్తాడు.

తాళాలిచ్చిన రోజు పెరట్లోకి వెళ్తే కుళాయి కింద నేల నెర్రెలిచ్చి ఉంది. పుదీనా తలలు వాల్చేసింది. కొన్నాయన భార్య అక్కడే నిలబడి ఉన్నారు. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది.

"దీనికి రోజూ చెంబెడు నీళ్లు పొయ్యాలండి. ఇన్నాళ్లూ కుళాయే పోసేది."