జె.సి. రోడ్డులో ఒక పూట

బెంగళూరు టౌన్ హాలు నుంచి మినర్వా సర్కిల్ దాకా పోయేది జె.సి. రోడ్డు. మైసూరు చివరి మహారాజు జయచామరాజేంద్ర ఒడెయరు పేరు దానిది. జనానికి మాత్రం అది కారు సామాన్ల వీధి.

మిల్లు పని పోయి ట్యాక్సీ పట్టిన మా తమ్ముడితో అక్కడికి పోయాను. బండి ఒక పక్కకు లాగుతోంది, ముందు టైరు ఒక అంచునే అరిగింది. మెకానిక్కు జాకీతో ఎత్తి, చక్రాన్ని కుడి ఎడమల పట్టి ఊపాడు. టకటకమంది.

"టై రాడ్ ఎండ్ పోయిందన్నా."

స్టీరింగు తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీ టై రాడ్. దాని చివరి గుండు కీలు అరిగితే చక్రంలో ఆట వస్తుంది. నడుస్తుండగా ఊడిందా, ఆ చక్రం మన మాట వినదు.

మెకానిక్కు పాతది విప్పుతూ చుట్లు పైకే లెక్కపెట్టాడు. కొత్తది అన్నే చుట్లు ఎక్కించాడు. పాత కాటరు పిన్ను పారేసి కొత్తది వేశాడు.

"ఇప్పుడు అలైన్‌మెంటు చేయించండి."

"చుట్లు లెక్కపెట్టావు కదా, మళ్లీ ఆ ఖర్చెందుకు?" అని తమ్ముడు గొణిగాడు.

"లెక్క దగ్గరికే తెస్తుందన్నా. సరిచేసేది మిషనే. లేదంటే కొత్త టైరూ ఇట్లే అరుగుద్ది."

తమ్ముడు చేయించాడు. బాడుగ బండ్లు తోలే మన పిల్లలకు నా మాట ఒకటే: స్టీరింగులో ఆట తగిలితే ఆ రోజు బాడుగ వదులుకోండి. ముందు జాకీ ఎత్తించి చూపించండి.