తాతమ్మ మోసిన రాయి

మా జహీరాబాదులో నలుగురికీ అది మెదకు చర్చి. మా ఇంట్లో మాత్రం తాతమ్మ కట్టిన గుడి! 1914లో మొదలైన పని పదేళ్ళు సాగింది. కరువు రోజులు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర పని చూపించి తిండి పెట్టించాడు. తాతమ్మ నెత్తిన రాళ్ళు మోసింది.

ఆ దొర వెస్లియన్ మెథడిస్టు. ఆ కోవవారి గుడులు వేల్సు దేశంలో చూడండి: చాలావాటికి నాలుగు గోడలు, ఎదురుగా ప్రసంగవేదిక, అంతే, గోపురం ఊసే ఉండదు. మరి ఇక్కడో? 170 అడుగులు దాటిన గోపురం, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, క్రీస్తు కథ చెప్పే రంగుల గాజు కిటికీలు, ఐదువేలమంది పట్టే చోటు! 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

"తిండిలేనివాళ్ళ మధ్య ఇంత ఆడంబరమెందుకు నాన్నా?" అన్నాడు మా పెద్దవాడు. అడగవలసిన ప్రశ్నే. కాని చిన్న గుడి అయితే పని ఏడాదిలో ముగిసేది. ఆ తరువాత తాతమ్మ ఏం తినేది? వాడు మాట్లాడలేదు.

మా అమ్మ గోడమీద చెయ్యివేసి, "ఏ రాయో తెలిస్తే బాగుండునురా" అంది.