తమ్ముడి చిరునామా

మా రాయచోటి ప్రాంతంలో కువైట్‌కు ఒక మనిషినైనా పంపని ఇల్లు అరుదు. మా ఇంటి నుంచి వెళ్లినవాడు మా తమ్ముడు. మూడేళ్లుగా వాడు భార్యాబిడ్డలకు పైసా పంపలేదు. మహర్ సొమ్ము కోసం, పిల్లల పోషణ కోసం మరదలు కోర్టులో దావా వేసింది.

సమన్లను రిజిస్టరు తపాలాలో పంపితే సరిపోతుందని నేననుకున్నాను. అలా కాదన్నారు వకీలు గారు. విదేశంలో ఉన్న ప్రతివాదికి కోర్టు కాగితాలు అందించడానికి 1965 నాటి హేగ్ ఒప్పందం ఉంది. మన దేశానికి అది 2007 ఆగస్టు నుంచి వర్తిస్తోంది. కువైట్ అంతకు ముందే చేరింది. కాగితాలు రెండేసి ప్రతులుగా, అరబీ అనువాదంతో, అక్కడి న్యాయ మంత్రిత్వ శాఖకు చేరాలి. ఆ శాఖ తన పద్ధతిలో వాటిని అందజేయించి, అందినట్లు ధ్రువపత్రం పంపాలి. అయితే ప్రతివాది చిరునామా తెలియనప్పుడు ఈ ఒప్పందం వర్తించనే వర్తించదు. పేట, బ్లాకు, వీధి, భవనం నంబరు, అన్నీ కావాలన్నారు. మరదలి వద్ద ఉన్నది పాత కఫీల్ చిరునామా. కొత్తది నా ఫోనులో ఉంది.

"తోడబుట్టినవాణ్ని కోర్టుకు పట్టిస్తావా?" అంటూ అమ్మీ ఆ రోజు అన్నం ముట్టలేదు. నాకూ నోరు రాలేదు. నా అంగడికి పెట్టుబడి పంపినవాడు వాడే మరి.

న్యాయం కోసం తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగానైనా సాక్ష్యమివ్వాలన్న ఆదేశాన్ని, అన్‌నిసా సూరా 135వ ఆయతును, మస్జిదులో ఎన్నిసార్లు విన్నానో! సాక్ష్యమంటే బోనులో నిలబడి చెప్పేదేనని అనుకునేవాణ్ని. హజ్రత్ అలీ (రజి)ని న్యాయమూర్తిగా యెమెన్‌కు పంపుతూ, రెండవ పక్షం మాట వినకుండా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఎదుట లేనివానిపై తీర్పుకు హనఫీ న్యాయకోవిదులు జంకింది కూడా ఇందుకే. ఆ లెక్కన సమన్లు శిక్ష కాదు, తమ్ముడి మాట వినడానికి వచ్చిన పిలుపు. చిరునామా దాచితే మరదలి హక్కుతో పాటు వాడి హక్కునూ నేను దాచినవాణ్ని అవుతాను.

జుమా రోజు వాడు ఫోను చేసినప్పుడు ముందుగా వాడికే చెప్పాను. మారు మాట లేకుండా పెట్టేశాడు. మరునాడు చిరునామా వకీలు గారికి రాసిచ్చాను.

కాగితాలు వెళ్లి అయిదు నెలలైంది. ధ్రువపత్రం రాలేదు, తమ్ముడి ఫోనూ రాలేదు. అమ్మీ నాతో మాట్లాడుతున్నారు గాని, వాడి ప్రస్తావన తేరు. పిల్లల బడి ఫీజు ఈసారి అంగడి గల్లాపెట్టె నుంచి కట్టాను.