ఎవరి చేతులకి ఎంత తెరచాప?

మన కవిత్వంలో తెరచాపకి కొలతలుండవు. విప్పుకుంటే అది స్వేచ్ఛ, చిరిగితే విషాదం. స్త్రీల యాత్రా రచనల మీద డాక్టరేట్ చేసిన నాకు ఈ ప్రతీకతో చాలాకాలంగా పరిచయం ఉంది. కానీ ఆ తెరచాప ఎన్ని చదరపు మీటర్లు, దాని తాడు ఎవరు లాగాలి అన్న ప్రశ్న నేను చదివిన విమర్శలో ఎక్కడా తగల్లేదు. అది నాకు ఎదురైంది శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో.

2022లో పరిశోధన పని మీద బర్కిలీలో ఉన్నాను. కాకినాడ నుంచి వెళ్లి అక్కడ సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన నా స్నేహితురాలు ఒక పాత పడవ కొనుక్కుంది. 27 అడుగులది. శని, ఆదివారాలు ఇద్దరం దాంట్లో తిరిగేవాళ్లం. ఇలాంటి పడవకి రెండు తెరచాపలుంటాయి. స్తంభం వెనక ఒకటి, దాని ముందు ఒకటి. ముందుది పడవ ముక్కు నుంచి స్తంభం పైకి బిగించిన ఉక్కు తీగకి ఉంటుంది. వెనకదాని సైజు చాలావరకు పడవ నిర్మాణంతోనే నిర్ణయమైపోతుంది. ముందుదాని సైజు ఎంచుకోవలసింది మనమే. మా పడవకున్నది పాతబడి సాగిపోయింది, కొత్తది కుట్టించాలి.

ఈ సైజుని శాతాల్లో చెప్తారు. తీగ దిగువ కొస నుంచి స్తంభం దాకా ఉన్న దూరం 100 అనుకుంటే, తెరచాప వెనక మూల నుంచి ముందు అంచుకి గీసిన లంబం అందులో ఎన్నో వంతు అన్నది లెక్క. మా పడవలో ఆ దూరం సుమారు 3 మీటర్లు. 150 శాతం అంటే లంబం నాలుగున్నర మీటర్లు, గుడ్డ స్తంభాన్ని దాటి వెనక్కి వస్తుంది. 110 శాతం అంటే 3.3 మీటర్లు. ముందు అంచు 10 మీటర్లనుకుంటే మొదటిది ఇరవై రెండున్నర చదరపు మీటర్లు, రెండోది పదహారున్నర.

మాకు వచ్చిన సలహాలు రెండు. రేవులో పక్క పడవ పెద్దాయన 150 తీసుకోమన్నాడు. పాత యజమాని అదే వాడేవాడట. పెద్దదాన్ని చుట్టి చిన్నది చేసుకోవచ్చుగానీ చిన్నదాన్ని పెద్దది చెయ్యలేం కదా అన్నాడు. తెరచాపలు కుట్టే ఆయన మాత్రం మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఆడవాళ్లే కదా, 110 చాలు, శ్రమ ఉండదు" అన్నాడు. ఒకరిది వారసత్వం, ఇంకొకరిది దయ. గాలి గురించి ఇద్దరూ మాట్లాడలేదు.

నా స్నేహితురాలు కాగితం మీద లెక్క వేసింది. వేసవిలో కాలిఫోర్నియా లోపలి లోయ వేడెక్కి, సముద్రం మీది చల్లటి గాలిని గోల్డెన్ గేట్ గుండా లోపలికి లాగుతుంది. మధ్యాహ్నాలు 20, 25 నాట్ల గాలి అక్కడ మామూలే. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అప్పుడు పెద్ద గుడ్డ పడవని ముందుకి నడపడం కన్నా పక్కకి ఒరగదోయడమే ఎక్కువ. ఒరిగిన పడవ చుక్కాని మాట వినదు. చుట్టి చిన్నది చేస్తే? మూడో వంతు చుట్టేసరికి మధ్యలో సంచిలా ఉబ్బి దాని ఆకారం పోతుంది. అదీగాక గాలికి ఎదురు వెళ్లాలంటే ఇటొకసారి అటొకసారి మళ్లుతూ పోవాలి. మళ్లిన ప్రతిసారీ ఆ గుడ్డంతా స్తంభం ముందునుంచి అవతలికి లాగి, వించ్ తిప్పి బిగించాలి. చలికాలపు పలచని గాలిలో మాత్రం పెద్దదే నయం. అప్పుడు చిన్న తెరచాపతో పడవ కదలదు.

అంటే వేసవికి 110. చలికాలానికి పాతదాన్నే అట్టిపెట్టుకోవచ్చు.

ఆర్డరివ్వడానికి వెళ్లినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది: "మేం ఇద్దరు మగవాళ్లమై వస్తే ఎంత చెప్పేవారు?" ఆయన కాసేపాగి, "ఇక్కడి వేసవికైతే 110" అన్నాడు.

జవాబు ఒకటే. అయితే మొదటిరోజు ఆయన మాకిచ్చింది జ్ఞానం కాదు, రాయితీ. గాలి చెప్పవలసిన కారణాన్ని మా శరీరాల మీదికి నెట్టాడు. మగవాడికైతే అది నైపుణ్యం, మాకైతే బలహీనత. రాయితీగా పుచ్చుకున్న అంకెతో మనం ఇంకో తీరంలో, ఇంకో గాలిలో ఏమీ నిర్ణయించుకోలేం. కారణం తెలిస్తే ఎక్కడైనా నిర్ణయించుకోగలం. బలం లెక్కలోకి రాదని నేననడం లేదు. వించ్ తిప్పే చెయ్యి ఎవరిదైనా దాని బలానికి హద్దుంది, అదీ కొలవాల్సిందే. కొలవకుండానే ఆడవాళ్లని చూసి అంచనా కట్టడంతోనే పేచీ.

2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఆరుగురు నౌకాదళ అధికారిణులు ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద భూమిని చుట్టి వచ్చారు. వాళ్లలో విశాఖకి చెందిన స్వాతి, హైదరాబాద్‌కి చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆ 56 అడుగుల పడవలో తుఫానులో వాడే చిన్న తెరచాప కూడా ఉంది. దక్షిణ మహాసముద్రంలో పెనుగాలి లేస్తే ఎంతటి నావికులైనా తెరచాప తగ్గించుకోవలసిందే. దాన్ని ఎవరూ ఓటమి అనరు.

ఆన్ డేవిసన్ 1952లో ప్లిమత్ నుంచి 23 అడుగుల పడవలో ఒంటరిగా బయల్దేరి, 1953 జనవరిలో డొమినికా చేరింది. అట్లాంటిక్‌ని ఒంటరిగా దాటిన తొలి స్త్రీ ఆమె. ఇలాంటి పుస్తకాల్లో మన విమర్శకులం అస్తిత్వాన్నీ, ఒంటరితనాన్నీ, విముక్తినీ వెతుక్కుంటాం. తాళ్లూ తెరచాపలూ ఉన్న పేజీలు సాంకేతిక వివరాలై పక్కకి పోతాయి. ఎంత గాలికి ఎంత గుడ్డ విప్పాలో ఒక స్త్రీ తనంతట తాను లెక్కగట్టి నిర్ణయించుకునేది ఆ పేజీల్లోనే. విముక్తి గురించి మాట్లాడేటప్పుడు మనం చదవాల్సింది వాటిని కూడా.