పంపు మీద ఇల్జామ్

పాత అంబాసిడర్ దారిలో ఆగితే అందరి షక్ ముందు ఫ్యూయల్ పంపు మీదికే పోతుంది. మా అబ్బా బండి విషయంలో అది దమ్మాయిగూడలోని ఒక మెకానిక్ పిల్లాడి మీదికి కూడా పోయింది. పాత పంపు డయాఫ్రమ్ చిరిగితే కొత్తది వేసింది అతనే. పది రోజులు కాలేదు, ఈసీఐఎల్ చేరేలోపు బండి రెండుసార్లు ఆగింది.

"డూప్లికేట్ మాల్ వేసిండు. పైసలు వాపస్ అడుగు" అన్నారు చిచ్చా.

అతను కొత్తగా షెడ్డు పెట్టుకున్నవాడు. మొహల్లాలో బేఇమాన్ అన్న మాట ఒక్కసారి పడితే రోజీ పోతుంది. "ముందు తహ్కీక్ చేద్దాం చిచ్చా, తర్వాత అడుగుదాం" అన్నాను.

1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉన్న ఈ బండిలో పంపు కరెంటుతో నడవదు. క్యామ్‌షాఫ్ట్ ఒక మీటను ఆడిస్తే, డయాఫ్రమ్ కదిలి ట్యాంకు నుంచి పెట్రోలు పీల్చి కార్బురేటర్‌కు పంపుతుంది. టైరు గాలిలో పదో వంతు ప్రెషర్ చాలు. అంతకంటే బాగా ఎక్కువైతే కార్బురేటర్ పొంగుతుంది.

మొదట ట్యాంకు మూత తెరిచి నడిపి చూశాం. మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా పెట్రోలు రాదు. ఫరక్ ఏమీ లేదు. డిప్‌స్టిక్ తీసి వాసన చూశాం. డయాఫ్రమ్ చిరిగితే ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది. ఆయిల్ సాఫ్‌గా ఉంది. ఇంజిన్ చల్లారాక కాయిల్ వైరు తీసేసి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టాం. బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వలేదు. ధార బుడగలతో తెగి తెగి వచ్చింది. ట్యాంకు లైను విప్పి, డబ్బాలోంచి కొత్త గొట్టంతో పంపుకు నేరుగా పెట్రోలు అందించాం. ఈసారి ధార జోరుగా కొట్టింది. పంపు బేకసూర్!

నుక్స్ ట్యాంకు దగ్గరి రబ్బరు గొట్టంలో దొరికింది. సన్నని పగుళ్లు. ఆ వైపు పంపు పీలుస్తుంది కనుక పెట్రోలు బయటికి కారకుండా గాలి లోపలికి పోతోంది. అందుకే నేల మీద చుక్క కూడా కనిపించలేదు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది 2023లో. పాత రబ్బరు దానికి తట్టుకోదు. ఇంట్లో అలాంటి బండి ఉంటే గొట్టాలు, డయాఫ్రమ్ ఇథనాల్‌ను తట్టుకునే రకంవి వేయించండి.

ఆ సాయంత్రం మగ్రిబ్ తర్వాత చిచ్చా తానే షెడ్డుకు వెళ్లి, బండి గొట్టాలన్నీ ఆ పిల్లాడితోనే మార్పించారు.