గెలుస్తుందా? గెలవొచ్చా?

ఈ శనివారం, 2025 మార్చి 22న ఐపీఎల్ మొదలు. అందరూ కోల్‌కతా, బెంగళూరు మ్యాచ్ గురించి మాట్లాడుకుంటుంటే అరకులో మా బ్యాచ్ మాత్రం వారం రోజులుగా ఇంకో గొడవలో ఉంది. అదే రాత్రి లండన్‌లో జరిగే యూఎఫ్‌సీ ఫైట్‌లో గెలిచేది మన పూజా తోమరా, ఐర్లండ్ అమ్మాయి షానా బ్యాననా?

బ్యాచ్ అంటే పెద్దగా ఏమీ లేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఊళ్లోనే ఉండిపోయిన నేను, టూరిస్టుల్ని బొర్రా గుహలకు తిప్పే ఇద్దరు జీపు డ్రైవర్లు, బొంగులో చికెన్ అమ్మేవాడొకడు, రెండెకరాల కాఫీ తోట ఉన్న నా ఇంటర్ క్లాస్‌మేట్, ఎప్పుడో భీమవరం నుంచి టీచర్‌గా వచ్చి రిటైరయ్యాక కూడా ఇక్కడే స్థిరపడిన మాస్టారు. మాలో చాలామందికి ఎంఎంఏ అనే ఆట ఒకటుందని తెలిసింది 2022లో వచ్చిన ‘లైగర్’తోనే. సినిమా సంగతి వదిలేయండి. ఆట మాత్రం మా ఫోన్లలో ఉండిపోయింది.

పూజ వైపు వాదించేవాళ్ల దగ్గర సరుకు బాగానే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ జిల్లా పల్లెటూరి పిల్ల. వూషులో ఐదుసార్లు జాతీయ చాంపియన్. మన దేశంలో జరిగే మ్యాట్రిక్స్ ఫైట్ నైట్‌లో బెల్టు కొట్టింది. నిరుడు జూన్ 8న అమెరికాలోని లూయీవిల్‌లో బ్రెజిల్ ఫైటర్ రయానీ దోస్ శాంతోస్‌ని ఓడించి, యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆ కిక్కుల క్లిప్పు మా గ్రూపులో ఎన్నిసార్లు ఫార్వర్డ్ అయిందో లెక్కలేదు.

మాస్టారి పద్ధతి వేరు. గోదావరి జిల్లాల మనిషి కదా, ఏ పోటీ అయినా ఆయనకు కోడిపందెమే. కుక్కుట శాస్త్రం ప్రకారం డేగా, కాకా, నెమలా అని రంగు చూడాలి, వారం చూడాలి, ఏ దిక్కు నుంచి బరిలోకి దించుతున్నారో చూడాలి. ‘శనివారం అంటున్నారు... ఇంతకీ మనమ్మాయిది ఎర్ర కార్నరా, నీలం కార్నరా?’ అని సీరియస్‌గానే అడిగారు. అందరం నవ్వాం. కానీ మా క్లాస్‌మేట్ నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచాడు.

‘ఏటిరా, నువ్వు ఇంజినీరువి, లెక్కలు తెలిసినోడివి. పూజ గెలుస్తాదని నువ్వొక్క మాట సెప్పు. పదిహేను వేలు పెట్టేస్తాను’ అన్నాడు.

ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన లింకుతో బెట్టింగ్ యాప్ దింపుకున్నాడు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ బెట్టింగ్‌ని 2020లోనే నిషేధించారు. ఆ మాట వాడికీ తెలుసు. ‘లింకు పనిచేస్తోంది కదరా’ అన్నాడు.

ఆ పదిహేను వేలు ఎక్కడివో నాకు తెలుసు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య నవంబర్ నుంచి వాళ్లమ్మా వాడూ కలిసి ఒక్కో ఎర్ర పండూ ఏరి కోశారు. పప్పు తీసి, కడిగి, టార్పాలిన్ మీద ఆరబోసి, మంచు పడుతుందని సాయంత్రం కాగానే కప్పి, పొద్దున్నే మళ్లీ విప్పి కాపాడిన గింజల డబ్బు. మళ్లీ అలాంటి డబ్బు చేతికి రావాలంటే ఏడాది ఆగాలి. ‘గెలుస్తుంది’ అని నేను సరదాగా అన్నా ఆ పదిహేను వేలు కదులుతాయి.

బెట్టింగ్ పాపం అని చెబితే వినడు. నేనూ వినేవాణ్ని కాదు. అందుకే లెక్కే చెప్పాను.

ఒక ఫైట్‌కి యాప్‌లో ఇద్దరి పేర్ల పక్కనా 1.90 ఉందనుకో. పూజ మీద వంద పెట్టి గెలిస్తే 190 వస్తుంది. షానా మీద పెట్టినా అంతే. ఇప్పుడు ఇద్దరి మీదా చెరో వంద పెట్టు. ఎవరు గెలిచినా నీకొచ్చేది 190, నువ్వు పెట్టింది 200. ఆ పది రూపాయలు యాప్‌వాడివి. వాడికి పూజ ఎవరో, షానా ఎవరో అక్కర్లేదు. రెండువైపులా డబ్బు పడితే చాలు. పందెం అనేది నీకూ ఆ అమ్మాయి గెలుపుకీ మధ్య ఉన్న వ్యవహారం అనుకుంటున్నావు. మధ్యలో కూర్చున్నవాడు ముందే తన వాటా తీసి పక్కన పెట్టుకుంటాడు.

‘మనకు గట్టిగా తెలిస్తే వాడి వాటా పోయినా లాభమే కదా’ అన్నాడు. మంచి ప్రశ్నే. అందుకే రెండో సంగతి చెప్పాను.

గట్టిగా ఎవరికి తెలుసు? నిరుడు పూజ గెలిచిన ఫైటే తీసుకో. మూడు రౌండ్లు. మామూలుగా రౌండు గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు 9 వేస్తారు. ఒక జడ్జి పూజకు 30-27 ఇచ్చాడు, అంటే మూడు రౌండ్లూ పూజవే. ఇంకో జడ్జి అదే 30-27 దోస్ శాంతోస్‌కి ఇచ్చాడు, అంటే మూడూ ఆమెవే. మూడో జడ్జి 29-28తో పూజ వైపు మొగ్గాడు. బోను పక్కనే కూర్చుని చూసిన ముగ్గురికి, అయిపోయిన ఫైట్ మీదే ఏకాభిప్రాయం లేదు. అరకులో కూర్చుని, ఇంకా మొదలవని ఫైట్ గురించి ‘గట్టిగా’ అనే మాట ఎలా వాడతాం?

అన్షుల్ జూబ్లీ సంగతి గుర్తుచేశాను. లెక్కల డిగ్రీ చదివి, సైన్యంలో చేరాలని పరీక్షలకు తయారవుతూ ఇటువైపు వచ్చిన ఉత్తరాఖండ్ కుర్రాడు. 2023 ఫిబ్రవరిలో రోడ్ టు యూఎఫ్‌సీ ఫైనల్ గెలిచినప్పుడు ఓటమన్నదే తెలియదు. అదే ఏడాది అక్టోబరులో అబుధాబిలో అతని ఎదుట నిలబడిన మైక్ బ్రీడెన్ అప్పటికి యూఎఫ్‌సీలో ఆడిన మూడూ ఓడిపోయాడు. కాగితం మీద ఇంతకంటే తేలికైన అంచనా ఉండదు. మూడో రౌండులో నాకౌట్ అయింది జూబ్లీ. మొన్న ఫిబ్రవరిలో సిడ్నీలో మళ్లీ దిగాడు. ఈసారి 19 సెకన్లలోనే అయిపోయింది. మన నెట్‌వర్క్‌లో వీడియో బఫర్ అయ్యేలోపు.

ఇక ఈ ఫైట్. నా అంచనా అడిగాడు కాబట్టి దాచలేదు. నిలబడి కొట్టుకున్నంతసేపు పూజకు మంచి అవకాశం ఉంది. ఆమె కిక్కుల్లో వేగం ఉంది, వెనక్కి తగ్గే రకం కాదు. కానీ షానా కూడా కిక్‌బాక్సింగ్ నుంచి వచ్చిందే, కిక్కులకు బెదరదు. నాకు భయమంతా ఫైట్ కింద పడితేనే. పూజ పెరిగిన వూషులో ప్రత్యర్థిని ఎత్తి పడేస్తే పాయింట్లు వస్తాయి, పడగానే రిఫరీ ఇద్దరినీ లేపేస్తాడు. ఎంఎంఏలో ఎవరూ లేపరు. అసలు ఆట అక్కడే మొదలవుతుంది. ఒక చెయ్యి ఒక్క క్షణం తప్పుడు చోట దొరికితే చాలు.

‘అయితే ఓడిపోద్దంటావా?’

‘అనలేదు. గెలవొచ్చు అంటున్నా.’

‘గెలవొచ్చేటిరా, సరిగ్గా సెప్పు!’

అదే సరైన మాట అన్నాను. రోజూ ఆఫీసు పనిలో చూస్తుంటాను, అన్ని టెస్టులూ పాసైన కోడ్ కూడా జనం వాడటం మొదలుపెట్టాక పడిపోవచ్చు. అందుకే మేం ‘పడదు’ అని రాసివ్వం. పడితే ఎంత నష్టం, ఎలా లేపాలి అని ముందే చూసుకుంటాం. నువ్వూ పూజ గెలుస్తుందా అని కాదు, ఓడిపోతే ఇంట్లో ఏమవుతుందని అడుగు. ఏప్రిల్‌లో ఇటుకల పండగ. తర్వాత వర్షాల ముందు ఇంటి కప్పు పని. ఆ పదిహేను వేలకు అప్పుడే ఒక్కో రూపాయికి ఒక్కో పని రాసిపెట్టి ఉంది.

వాడు కాసేపు మాట్లాడలేదు. ‘మన పిల్ల మీద నమ్మకం లేదంటే ఎలాగరా’ అన్నాడు చివరికి. ఆ మాట దగ్గరే మనందరం దొరికిపోతాం. అభిమానాన్నీ అంచనానీ కలిపేస్తాం. పూజ గెలవాలని నాకెంత ఉందో వాడికంటే ఒక్క పిసరు తక్కువ కాదు. శనివారం రాత్రి అందరికంటే గట్టిగా అరిచేది నేనే. అరవడానికి డబ్బు పెట్టక్కర్లేదు. పదిహేను వేలు పెట్టినంత మాత్రాన లండన్‌లో ఆమె కిక్కుకు బలం పెరగదు.

ఫైట్ మా ఇంట్లోనే చూస్తున్నాం. వైఫై ఉన్నది నాకే కాబట్టి. చికెన్ బొంగులు నాలుగు వస్తున్నాయి, మాస్టారు కార్నర్ రంగు చూసి తన జోస్యం అప్పుడే చెబుతారట. మా క్లాస్‌మేట్ యాప్ తీసేశాడో లేదో నేను అడగలేదు. డబ్బు మాత్రం నిన్న వాళ్లమ్మ చేతికి ఇచ్చాడు. ఆదివారం పొద్దున తీసుకుంటాడట.